డిక్కీలో పొగ.. అర ఓమ్ తెచ్చిన తంటా!

కారులో బాస్ అదిరిపోవాలని అందరికీ ఉంటుంది. వూఫర్ ఎన్ని వాట్లో చూస్తాం, యాంప్లిఫయర్ ఎన్ని వాట్లో చూస్తాం. రెంటినీ కలిపాక ఎన్ని ఓమ్‌లు తేలుతుందో మాత్రం ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. ఇంజినీరింగ్ చదివి కూడా!

ఆ రోజు హిందూపురం నుంచి ధర్మవరం బయల్దేరాం. బావ డ్రైవింగ్, పక్కన నేను, వెనక సీట్లో అక్క, ఇద్దరు పిల్లలు. సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కాం. పెనుకొండ దాటాం. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ కూడా దాటాం. పిల్లలు అడిగిన పాటే నాలుగోసారి మోగుతోంది. డిక్కీలో రెండు పన్నెండు అంగుళాల వూఫర్లు. పాటలో డప్పు పడ్డప్పుడల్లా వెనక అద్దం గజగజ వణుకుతోంది.

ఉన్నట్టుండి బాస్ ఆగిపోయింది. పాట మాత్రం సన్నగా వస్తోంది. "మళ్లీ ఎర్ర లైటు వెలిగి ఉంటుందిలే, ఆపి వేస్తే సరిపోతుంది" అన్నాడు బావ. ఆపి వేశాడు. బాస్ వచ్చింది. రెండు కిలోమీటర్లు కూడా వెళ్లలేదు, అక్క అంది: "ఏందో కాలిన వాసన వస్తాంది."

బండి పక్కకు తీసి డిక్కీ తెరిస్తే పొగ. బావ బానెట్ ఎత్తి, స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీశాడు. ఆ పని సమయానికి చేశాడు కాబట్టి సరిపోయింది. యాంప్లిఫయర్ కింద కార్పెట్ అరచేతి మందాన నల్లబడింది. ఆ కార్పెట్‌కీ పిల్లలు ఆనుకున్న సీటుకీ మధ్య ఉన్నది ఒక్క స్పాంజి పొర.

హైవే పక్కన నిలబడి పిల్లల్ని దగ్గరకు తీసుకుంటూ అక్క నా వైపు చూసి ఒకే మాట అడిగింది. "నువ్వు చెప్పినట్టే గదా చేయించినాడు?"

అవును. నేను చెప్పినట్టే చేయించాడు.

రెండు ఫోన్ కాల్స్

బావకి ధర్మవరంలో పట్టు చీరల వ్యాపారం. బెంగళూరు వెళ్లినప్పుడు రెండు వూఫర్లు కొన్నాడు. యాంప్లిఫయర్ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. హిందూపురంలో తెలిసిన అబ్బాయి ఫిట్ చేయడానికి ఒప్పుకున్నాడు. ఆ అబ్బాయి తెలివైనవాడే. వూఫర్ వెనక రెండు జతల టెర్మినళ్లు కనిపించగానే ఆగి, "అన్నా, ఇవి సిరీస్‌లో కలపాల్నా, పేరలల్‌లో కలపాల్నా?" అని అడిగాడు. బావ నాకు ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, నువ్వు ఇంజినీరు గదా, ఎట్ల కలపమంటావు?"

నేను మీటింగ్‌లో ఉన్నాను. మైక్ మ్యూట్ చేసి, "పేరలల్ కలిపేయమను బావా, పవర్ ఎక్కువొస్తుంది" అన్నాను. వూఫర్ మీద ఏం రాసుందో అడగలేదు. యాంప్ మీద ఏం రాసుందో అడగలేదు. పేరలల్‌లో కలిపితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది అన్నది మాత్రం గుర్తుంది. అది తప్పు కాదు. సగం నిజం. మిగతా సగమే డిక్కీలో పొగై వచ్చింది.

వారం తర్వాత రెండో కాల్. "ఊరికే ఫ్యూజ్ పోతాంది రా. యాంప్‌లో రెండు పచ్చ ఫ్యూజులున్నాయి, 30 అని రాసుంది." నేనన్నాను, "40వి వేసి చూడు బావా." అవీ పోయాయి. ఈసారి బావ నన్ను అడగలేదు. వైరులోంచి రాగి తీగ ఒకటి తీసి ఫ్యూజు కాళ్లకు చుట్టేశాడు. మన ఇళ్లలో పాత ఫ్యూజు క్యారియర్‌కి తీగ చుట్టే అలవాటు అందరికీ ఉన్నదే కదా! ఆ తర్వాత ఫ్యూజ్ పోలేదు. యాంప్ పోయింది.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే. తెలియదని చెప్పి ఉంటే బావ ఇంకెవరినైనా అడిగేవాడు. తెలిసినట్టు చెప్పాను కాబట్టి అడగలేదు.

పెనుకొండలో మీటరు పెట్టారు

బ్యాటరీ నుంచి యాంప్‌కి వెళ్లే వైరు పూర్తిగా తీసేసి, దాని చివర టేపు చుట్టి, బండి స్టార్ట్ చేశాం. అక్కనీ పిల్లల్నీ ధర్మవరం బస్సెక్కించి వెనక్కి పెనుకొండ వచ్చాం. బావకి అక్కడ బోరు మోటార్లు వైండింగ్ చేసే మెకానిక్ తెలుసు. వయసు అరవై దాటి ఉంటుంది. కార్ ఆడియోతో ఆయనకేం సంబంధం అనుకున్నాను.

ఆయన వూఫర్లను చూడగానే మల్టీమీటర్ తీశాడు. ముందు దాని రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించాడు. 0.3 చూపించింది. "ఇది తీగలది, మనది కాదు. తీసెయ్యాల" అన్నాడు. తర్వాత యాంప్ నుంచి వూఫర్లకు వెళ్లే వైర్ల చివర ప్రోబులు పెట్టాడు. 0.7. అందులో 0.3 తీసేస్తే మిగిలింది 0.4.

యాంప్ పక్కనున్న స్టిక్కర్ నేను అప్పుడు చదివాను, మొదటిసారి. 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్లు, 1 ఓమ్ దగ్గర 500 వాట్లు. అక్కడితో సరి. 1 ఓమ్ కంటే కింద ఏమీ రాసి లేదు. రాసి లేదంటే అక్కడికి వెళ్లొద్దని అర్థం.

"కాయిల్ అన్నాక కొలిసి పెట్టాల గదప్పా. మోటారైతే ఏమి, స్పీకరైతే ఏమి?" అన్నాడాయన. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో బ్రెడ్‌బోర్డు మీద సిరీస్, పేరలల్ కలిపి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని, మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. తల దించుకుని వినడం తప్ప ఏం చేయను?

టోల్‌గేట్ లెక్క

హైవే మీద టోల్‌గేట్ ఊహించుకోండి. ఒకే లైను తెరిచి ఉంటే బండ్లు మెల్లగా వెళ్తాయి. పక్కనే ఇంకో లైను తెరిస్తే అదే సమయంలో రెట్టింపు బండ్లు దాటతాయి. ఇది పేరలల్. అదే ఒక గేటు దాటాక ఇంకో గేటు పెడితే ప్రతి బండీ రెండుసార్లు ఆగాలి. ఇది సిరీస్. గేటు ఇచ్చే అడ్డంకి పేరే రెసిస్టెన్స్, దాని కొలత ఓమ్. బండ్లు కరెంటు. వెనక నుంచి తోసే ఒత్తిడి వోల్టేజీ. జర్మనీలో కొలోన్ నగరంలో స్కూలు టీచర్‌గా పనిచేసిన జార్జ్ ఓమ్ 1827లో ఈ సూత్రాన్ని ప్రచురించాడు. మనం ఇంటర్‌లో బట్టీ పట్టింది అదే.

స్పీకర్‌లో ఉన్నది సాదా రెసిస్టర్ కాదు, అయస్కాంతం మధ్య ఊగే తీగచుట్ట. దాన్నే వాయిస్ కాయిల్ అంటారు. వెళ్లేది డీసీ కాదు, పాటతో పాటు ఊగే ఏసీ. ఆ ఏసీకి కాయిల్ ఇచ్చే మొత్తం అడ్డంకే ఇంపీడెన్స్. అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూనే ఉంటుంది. వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గరైతే చాలా రెట్లు పెరుగుతుంది కూడా. అందుకే డబ్బా మీద 4 ఓమ్‌లు అని రాసి ఉన్న వూఫర్‌ని మీటర్‌తో కొలిస్తే 3.2 నుంచి 3.6 దాకా చూపిస్తుంది. కంగారు పడొద్దు, అది డీసీ రెసిస్టెన్స్. పాడైపోలేదు. వైరింగ్ లెక్కకి డబ్బా మీది అంకె తీసుకోండి. లెక్క ప్రకారమే కలిపారో లేదో తెలుసుకోడానికి మీటర్ వాడండి.

ఇప్పుడు అసలు విషయం. యాంప్ ఇచ్చే వోల్టేజీ దాదాపు అంతే ఉంటుంది. ఓమ్‌లు సగమైతే కరెంటు రెట్టింపవుతుంది. మా యాంప్ 1 ఓమ్ దగ్గర 500 వాట్లు ఇవ్వాలంటే 22 వోల్టులకు కాస్త పైన, 22 ఆంపియర్లకు కాస్త పైన. అదే వోల్టేజీకి అర ఓమ్ తగిలిస్తే దాదాపు 45 ఆంపియర్లు అడుగుతుంది. కరెంటు రెట్టింపైతే లోపలి ట్రాన్సిస్టర్లలో వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ వేడి మోయడానికి ఆ యాంప్‌ని తయారు చేయలేదు. ఎర్ర లైటు వెలిగి ఆగిపోయిందంటే "నా వల్ల కాదు" అని చెబుతోందన్నమాట. మేం దాన్ని ఆపి, మళ్లీ వేసి, మళ్లీ పని చేయించాం.

నాలుగు కాయిల్స్.. మూడు దారులు

కొన్ని వూఫర్లకు ఒకటే కాయిల్ ఉంటుంది. వెనక ఒక ప్లస్, ఒక మైనస్. వీటిని ఎస్వీసీ అంటారు. రెండు కాయిల్స్ ఉన్నవి డీవీసీ. వెనక రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు. చాలామంది డీవీసీ అంటే డబుల్ పవర్ అనుకుంటారు. కాదు. కలపడానికి ఎక్కువ దారులుంటాయి, అంతే. రెండు కాయిల్స్‌కీ కనెక్షన్ ఇవ్వాలి, ఒకదాన్ని ఖాళీగా వదిలేయకూడదు.

బావ కొన్నవి 2 ఓమ్‌ల డీవీసీ. రెండు వూఫర్లు, మొత్తం నాలుగు కాయిల్స్. వాటిని కలిపే దారులు ఇవీ:

• నాలుగూ పేరలల్: 2ని నాలుగుతో భాగించాలి. 0.5 ఓమ్. (నా సలహా ఇదే!)
• ఒక్కో వూఫర్‌లో రెండు కాయిల్స్ సిరీస్, అప్పుడు ఒక్కోటి 4 ఓమ్‌లు. ఆ రెండు వూఫర్లూ పేరలల్: 2 ఓమ్‌లు.
• నాలుగూ సిరీస్: 8 ఓమ్‌లు.

చూశారా? 1 ఓమ్ ఎక్కడా లేదు. తలకిందులుగా తపస్సు చేసినా ఆ రెండు వూఫర్లతో 1 ఓమ్ రాదు. అదే 4 ఓమ్‌ల డీవీసీ వూఫర్లు రెండు కొని ఉంటే దారులు వేరు: నాలుగూ పేరలల్ అయితే 1 ఓమ్, సిరీస్-పేరలల్ అయితే 4, అన్నీ సిరీస్ అయితే 16. ఆ యాంప్‌కి కావలసినవి అవే. షాపులో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి. తేడా డబ్బా మీది ఒక్క అంకె.

ఒకటే వూఫర్ పెట్టుకునేవాళ్లకి లెక్క ఇంకా సులువు. 2 ఓమ్‌ల డీవీసీతో 1 గానీ 4 గానీ వస్తుంది. 4 ఓమ్‌ల డీవీసీతో 2 గానీ 8 గానీ వస్తుంది.

సిరీస్ కలిపేటప్పుడు ఒక కాయిల్ మైనస్ రెండో కాయిల్ ప్లస్‌కి వెళ్తుంది. మిగిలిన ప్లస్, మిగిలిన మైనస్ యాంప్‌కి. పేరలల్‌లో ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట. ఒక వూఫర్ తిరగబడిందంటే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. రెండూ కొట్టుకుని బాస్ మాయమవుతుంది. అనుమానం ఉంటే యాంప్ నుంచి విడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. రెండు కోన్‌లూ ఒకే వైపు కదలాలి.

ఇంకో చిక్కు బ్రిడ్జింగ్. నాలుగు ఛానళ్ల యాంప్‌లో రెండు ఛానళ్లు కలిపి ఒక వూఫర్‌కి ఇవ్వడం మామూలే. కానీ అప్పుడు ఒక్కో ఛానల్‌కి ఆ వూఫర్ ఓమ్‌లలో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల వూఫర్‌ని బ్రిడ్జ్ చేస్తే ఒక్కో ఛానల్ 2 ఓమ్‌లను నడుపుతున్నట్టు లెక్క. అందుకే చాలా యాంప్‌ల మీద బ్రిడ్జ్ చేసినప్పుడు కనీసం 4 ఓమ్‌లు అని విడిగా రాసి ఉంటుంది. అది చదవకుండా 2 ఓమ్‌లు తగిలిస్తే మా కథే మళ్లీ.

పోనీ, ఆ అర ఓమ్‌తో ఏం వచ్చేది?

యాంప్ కాలిపోకుండా నిజంగానే 500 బదులు 1000 వాట్లు ఇచ్చిందనుకుందాం. మోత రెట్టింపవుతుందా? కాదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపు మోతలా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. ఈ ఒక్క లెక్క ముందే తెలిసుంటే నేను "పేరలల్" అనేవాణ్ని కాదు.

ఆ మూడు డెసిబెల్స్ కోసం బ్యాటరీ వైపు ఏమవుతుందో చూడండి. ఇప్పటి క్లాస్ డి యాంప్‌లు తీసుకున్న పవర్‌లో దాదాపు 80 శాతం స్పీకర్‌కి ఇస్తాయి. 500 వాట్లు ఇవ్వడానికి 625 వాట్లు కావాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులనుకుంటే 45 ఆంపియర్లు. 1000 వాట్లకైతే 90 ఆంపియర్లు. చాలా చిన్న కార్లలో ఆల్టర్నేటర్ మొత్తం సామర్థ్యమే ఇంచుమించు అంత. అందులోంచే హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, ఇంజిన్ కంప్యూటర్ అన్నీ బతకాలి. పాటలో డప్పు ఆగి ఆగి పడుతుంది కాబట్టి సగటు ఇంత ఉండదు నిజమే. కానీ డప్పు పడ్డప్పుడల్లా లైట్లు కళ్లు మూసి తెరుస్తున్నాయంటే కారణం ఇదే.

మేం దాటొచ్చిన ఫ్యాక్టరీ నుంచే 2019లో సెల్టోస్ మార్కెట్‌లోకి వచ్చింది. పై వేరియంట్లలో ఎనిమిది స్పీకర్ల బోస్ సిస్టమ్ ఇచ్చారు. అలా కంపెనీ నుంచే వచ్చే సిస్టమ్‌లో ఏ స్పీకర్ ఎన్ని ఓమ్‌లు, యాంప్ ఎంత తోయాలి అన్న లెక్క డిజైన్ టేబుల్ మీదే అయిపోతుంది. మనం బయట వేయించుకుంటే ఆ లెక్క ఎవరో ఒకరు చేయాలి. మా కారు విషయంలో ఆ ఒకరు నేను.

పట్టుదారం తెలిసిన బావకి రాగి తీగ తెలియలేదు

పెనుకొండ మెకానిక్ ఇంకోటి కూడా పట్టుకున్నాడు. పవర్ వైరు బొటనవేలంత లావుంది. పైన 4 గేజ్ అని రాసుంది. రాగి అయితే 4 గేజ్ అంటే దాదాపు 21 చదరపు మిల్లీమీటర్లు. ఇంట్లో ఏసీ పాయింట్‌కి సాధారణంగా లాగేది 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. దాంతో పోల్చుకుంటే ఎంత లావో తెలుస్తుంది. ఆయన బ్లేడుతో ఒక తీగ గీకాడు. పైన ఎర్రగా ఉంది, లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత! అల్యూమినియంలో కరెంటు రాగిలో పారే దాంట్లో ఇంచుమించు అరవై శాతమే పారుతుంది. పైగా ఆ లావులో సగానికి పైన ప్లాస్టిక్ తొడుగే.

బావ ముఖం చూడాలి అప్పుడు. ధర్మవరంలో చీర చేతికి రాగానే కొంగు పోగు ఒకటి లాగి, అగ్గిపుల్లతో కాల్చి, వెంట్రుక కాలిన వాసన వస్తోందా, బూడిద వేళ్ల మధ్య నలుగుతోందా చూసి గానీ పట్టు అని ఒప్పుకోడు. "చీరకి చేసే పరీక్ష వైరుకి చేయకపోతిని" అన్నాడు. ఆ రోజు ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అన్నిటికంటే పెద్ద తప్పు బ్యాటరీ దగ్గర బయటపడింది. అక్కడ ఉండాల్సిన మెయిన్ ఫ్యూజ్ అసలు లేదు. యాంప్‌లో ఉన్న ఫ్యూజులు యాంప్‌ని కాపాడతాయి. బ్యాటరీ పక్కన పెట్టే ఫ్యూజు కారుని కాపాడుతుంది. ఆ వైరు బానెట్ లోంచి, రేకు చిల్లులోంచి, కార్పెట్ కింద, సీట్ల కింద నుంచి డిక్కీ దాకా వెళ్తుంది. దారిలో ఎక్కడైనా తొడుగు చిరిగి బాడీకి తగిలిందంటే బ్యాటరీ ఉన్న కరెంటంతా అక్కడే గుమ్మరిస్తుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. మా యాంప్‌లో 30వి రెండు కాబట్టి మెయిన్ 60 సరిపోతుంది. రేకు చిల్లుకి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. ఎర్త్ వైరు కూడా పవర్ వైరంత లావుండాలి, పొట్టిగా ఉండాలి. పెయింట్ గీకి, మెరిసే రేకు మీద బిగించాలి.

ఫ్యూజ్ పదే పదే పోతోందంటే ఫ్యూజ్ చిన్నదని కాదు. ఎక్కడో తప్పు జరుగుతోందని. పెద్ద ఫ్యూజ్ వేయమని చెప్పిన నా నోటితోనే ఇది చెబుతున్నాను.

300 వాట్లు చాలా?

వూఫర్లు బతికే ఉన్నాయి. నాలుగు కాయిల్సూ విడివిడిగా కొలిస్తే ఒక్కోటి 1.8 వచ్చింది. అదే రేటింగున్న యాంప్ ఇంకోటి కొన్నాం, డబ్బులు నేనిచ్చాను. నిజమైన రాగి వైరు, మెయిన్ ఫ్యూజు వేశాం. వూఫర్లను సిరీస్-పేరలల్‌లో 2 ఓమ్‌లకు కలిపాం. 300 వాట్లు. 500కీ 300కీ మధ్య తేడా 2 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే.

ఈసారి గెయిన్ కూడా లెక్కతోనే పెట్టాం. చాలామంది గెయిన్‌ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అది వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కీ యాంప్‌కీ జత కుదిర్చే స్క్రూ. పద్ధతి ఇదీ: వూఫర్ వైర్లు విప్పేయండి. బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేయండి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. యాంప్ అవుట్‌పుట్‌లో మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి కొలవండి. ఎంత రావాలి? వాట్లనీ ఓమ్‌లనీ గుణించి వర్గమూలం తీయండి. 300 గుణించు 2 అంటే 600, దాని వర్గమూలం 24.5. మీటర్ 24.5 వోల్టులు చూపించగానే స్క్రూ వదిలేయండి. యాంప్ ఆపి, వూఫర్లు తిరిగి కలపండి. అంతకు మించి తిప్పితే సిగ్నల్ తలా తోకా తెగిపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. బాస్ గరగరలాడుతుంది, కాయిల్ వేడెక్కుతుంది.

ధర్మవరం చేరాక బావ పాట పెట్టాడు. చాలాసేపు విన్నాడు. "ముందుకంటే బాగుందే! ఎంత పెంచినావు?" అన్నాడు. తగ్గించానని చెబితే నమ్మలేదు. కారణం మాయ కాదు. ముందు యాంప్ ఊపిరాడక క్లిప్ అవుతోంది, ఆ గరగరనే మేం బాస్ అనుకున్నాం. ఇప్పుడు డప్పు డప్పులా మోగుతోంది. పైగా వెనక నంబర్ ప్లేట్‌కి రబ్బరు వాషర్లు వేశాం, సగం గోల అక్కడే పోయింది.

ఒక మాట. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. బావ వీధిలో మగ్గాల వాళ్లు పొద్దున్నే లేచి పనిలో కూర్చుంటారు. వీధి మలుపులో వాల్యూమ్ తగ్గించడం పిల్లల డ్యూటీ ఇప్పుడు.

కొనేముందు ఇవి చూసుకోండి

• ముందు యాంప్ స్టిక్కర్ చదవండి. మోనోలో కనీసం ఎన్ని ఓమ్‌లు, ఆ ఓమ్‌ల దగ్గర ఆర్ఎంఎస్ ఎన్ని వాట్లు? మ్యాక్స్ వాట్ల అంకె చూసి మోసపోవద్దు.
• మీరు కొనబోయే వూఫర్లతో ఆ ఓమ్‌లు అసలు వస్తాయా? కాగితం మీద గీసి చూసుకోండి. రాకపోతే పై అంకెకు వెళ్లండి, కిందికి వద్దు.
• ఓమ్‌లు వేరువేరుగా ఉన్న వూఫర్లను కలపొద్దు. పేరలల్‌లో 2 ఓమ్‌లదీ 4 ఓమ్‌లదీ కలిపితే 2 ఓమ్‌లది రెట్టింపు పవర్ లాగేసుకుంటుంది.
• యాంప్ ఆర్ఎంఎస్ వాట్లు వూఫర్ల మొత్తం ఆర్ఎంఎస్ వాట్లకు దగ్గరగా ఉండాలి.
• వైరు గీకి చూడండి. మెయిన్ ఫ్యూజు లేకుండా బండి షాపు దాటించొద్దు.
• యాంప్‌కి కలిపే ముందు వూఫర్ వైర్ల చివర మీటర్ పెట్టించండి. 2 ఓమ్‌లకు కలిపితే 1.6 నుంచి 1.9 మధ్య రావాలి. ప్రోబుల రెసిస్టెన్స్ తీసేయడం మరిచిపోవద్దు.
• కారు వారంటీలో ఉంటే ఫ్యాక్టరీ వైర్లు కోయించొద్దు. ఆ మోడల్‌కి సరిపడే కప్లర్ అడగండి.

మల్టీమీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది. మా ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి, ఒకటి బెంగళూరులో నా బ్యాగులో, ఇంకోటి బావ కారు డ్యాష్‌బోర్డ్‌లో. వూఫర్ డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టాను: "2 ఓమ్‌లు. ఫ్యూజు 60. మార్చొద్దు."

మొన్న బావ స్నేహితుడు ఒకాయన ఫోన్ చేశాడు. హిందూపురంలో కారుకి వూఫర్లు వేయిస్తున్నాడట. "నువ్వు ఇంజినీరు గదప్పా, ఎట్ల కలపమంటావు?" అన్నాడు. మళ్లీ మీటింగ్‌లోనే ఉన్నాను. "వూఫర్ వెనక స్టిక్కర్, యాంప్ పక్క స్టిక్కర్ రెండూ ఫొటో తీసి పంపు అన్నా. చూసి, లెక్క వేసి, సాయంత్రం చెప్తా. అప్పటిదాకా ఏమీ కలపొద్దు" అన్నాను.